ఇదో, వచ్చినాను

సేలం,
9 జూన్ 1946

మామకు, చిక్కమ్మత్తకు పిల్లమ్మ నమస్కారాలు.

మీ ఇద్దరి ఆరోగ్యం, మన ఆరు ఆవుల ఆరోగ్యం బాగున్నాయని తలుస్తాను. నాకిక్కడ రాగిసంగటి తప్ప వేరే కొరతేమీ లేదు. రేషను బియ్యంలో రాళ్లు ఏరుతూ రోజూ అత్తను తలచుకుంటున్నాను.

ముందు మంచి మాట చెబుతాను. మంత్రసాని పరీక్ష ప్యాసయ్యాను. పద్దెనిమిది మందిలో నాలుగోదాన్ని. ఇంగ్లీషులో మాత్రం చిట్టచివరిదాన్ని, ఆ సంగతి నువ్వు ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఎందుకంటావా? మొన్న పెద్ద డాక్టరమ్మ వార్డులోంచి నన్ను కేకేసింది. నేను వెనక గదిలో గుడ్డలు ఉడకబెడుతున్నాను. మన ఇంట్లో ఎవరైనా పిలిస్తే, కూర్చున్నచోటు నుంచి లేవకుండానే “ఇదో, వచ్చినాను” అంటాం కదా. ఆ మాటనే ఇంగ్లీషులోకి తిప్పి “ఐ కేమ్” అని అరిచాను. డాక్టరమ్మ తలెత్తి చూస్తే ఎవరూ లేరు. మళ్ళీ పిలిచింది. మళ్ళీ “ఐ కేమ్” అన్నాను. చివరికి ఆమే నా దగ్గరికి వచ్చి, “వచ్చానంటున్నావు, ఎక్కడికి వచ్చావు?” అని అడిగింది. వార్డంతా నవ్వింది. ఇంగ్లీషులో రాకుండా వచ్చానని చెప్పకూడదట. తొందర చెప్పడానికి వాళ్లకు వేరే మాటలున్నాయి. ఇమ్మీడియట్లీ, ఎట్ వన్స్, డైరెక్ట్లీ, ప్రెజెంట్లీ, సూన్ అని గోడమీద రాసి పెట్టింది. అందులో ఏది ఎంత తొందరో నాకింకా పట్టుబడలేదు.

అందరితో పాటు నేనూ నవ్వాను. కానీ ఆ పూట అన్నం సహించలేదు మామా. మారక్క గుర్తుకొచ్చింది. అక్క నొప్పులు పడుతుంటే మాదేశన్ బావ పాలకోడుకు పరుగెత్తి మంత్రసాని గోవిందమ్మాళ్‌ను పిలిచాడు. ఆమె “ఇదో, వందుట్టేన్” అంది. అరవంలోనూ అదే మాట చూడు, ఇదో వచ్చేశానని. బావ ఆ మాట పట్టుకుని తుంబలహళ్లికి తిరిగొచ్చి, “వచ్చేసిందంట, వచ్చేసిందంట” అని వాకిట్లో నిలబడి చెబుతూనే ఉన్నాడు. ఆమె వచ్చేసరికి అక్కా లేదు, బిడ్డా లేదు. నాకప్పుడు పదమూడేళ్లు. అక్క చేయి నా చేతిలోనే ఉంది.

అందుకే పాలకోడు మంత్రసాని ఉద్యోగానికి అర్జీ పెట్టాను. గోవిందమ్మాళ్‌కు వయసు మీరింది. ఉన్నది ఆ ఒక్క ఉద్యోగమే, ఇంకా ఇద్దరు అడుగుతున్నారట. వేరే ఊళ్లో ఇస్తే నాకు వద్దు. అర్జీలో సొంత విలాసం రాయమంటే నీ ఇల్లే రాశాను. తుంబలహళ్లిలో అమ్మకు వస్తే చదివేవాళ్లు ఎవరున్నారు? ఇంగ్లీషు కవరు వస్తే అందులో ఏముందో నాకు రాయి. ఈ జాబుతో పరీక్ష సర్టిఫికెట్టు పంపుతున్నాను. స్కూలు సర్టిఫికెట్టుతో కలిపి నీ పెట్టెలో భద్రంగా ఉంచు.

నువ్వు ఇసుకలో దిద్దించిన అక్షరాలతో,
నీ మేనకోడలు
పిల్లమ్మ


పాలకోడు,
21 జూన్ 1946

అమ్మణ్ణి పిల్లమ్మను మామ నాగరాజప్ప మనసారా దీవించి రాస్తున్నాడు.

కవరు వచ్చింది! నిన్న పోస్టుమాను మన వాకిట్లో నిలబడి నా పేరు, నీ పేరు కలిపి పిలిచాడు. మీ అత్త చేతిలో పాలచెంబు వదిలేసి వచ్చింది. పాలు పోయాయి, పోనీ.

పోస్టాఫీసులో చదివిద్దామని బయలుదేరి సగం దారిలో ఆగిపోయాను. అక్కడ చదివిస్తే పొద్దు కుంకేలోగా గోవిందమ్మాళ్ చెవిన పడుతుంది. అందుకని నేనే చదివాను. నవ్వకు. దొరల గుర్రపుకొట్టంలో ఆరేళ్లు పనిచేసినవాణ్ణి. పైగా సంతలో కొన్న నిఘంటువు ఉంది. సగం చెదలు తిన్నాయి, మిగతా సగం బాగానే ఉంది.

నాలుగు వరసల ఉత్తరం. వేకెన్సీ అని ఉంది, అంటే ఖాళీ. దానితో పాటు ప్రెజెంట్లీ అని ఉంది. నిఘంటువులో ఆ పేజీ చెదలకు పోయింది. అయితేనేం, ఆ మాట నాకు నిఘంటువు లేకుండానే తెలుసు. కొట్టంలో పొద్దున్నే దొర మా పేర్లు పిలిచేవాడు. ఉన్నవాడు “ప్రెజెంట్ సార్” అనాలి. అంటే ఇక్కడే, ఇప్పుడే ఉన్నానని. కాబట్టి ఖాళీ ఇప్పుడు ఉంది. దాని కింద చేరాలనే మాట, దాని తర్వాత డైరెక్ట్లీ. ఇది నిఘంటువులో దొరికింది. నేరుగా అని అర్థం. నువ్వు నేరుగా వచ్చి చేరాలి, దారిలో ఎక్కడా ఆగకూడదు. సర్కారువాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదు కాబట్టి మన గడప కూడా తొక్కవద్దు. బస్సు దిగి తిన్నగా ఆసుపత్రికే పో.

మీ అక్క ఉంటే ఎంత సంతోషించేదో. ఇది రాస్తుంటే నా కళ్లు నిండుతున్నాయి. ఇక్కడితో ఆపుతాను.

నిన్ను చూసి ఛాతీ వెడల్పయిన
మీ మామ


సేలం,
29 జూన్ 1946

మామకు,

క్షేమసమాచారాలు రాయడానికి చేయి రావడం లేదు. జరిగింది విను.

ఇరవయ్యారో తేదీ పెట్టె సర్దుకుని, వార్డులో అందరి దగ్గరా సెలవు తీసుకుని బొగ్గుతో నడిచే బస్సు ఎక్కాను. అది రెండుచోట్ల ఆగిపోతే దిగి తోశాం. పాలకోడులో దిగి, నువ్వు రాసినట్టే ఎటూ చూడకుండా ఆసుపత్రికి పోయాను. వాకిట్లో బెంచీమీద గోవిందమ్మాళ్ కూర్చుని దూది చుడుతూ ఉంది. ఎవరమ్మా అంది. కొత్త మంత్రసానిని, చేరడానికి వచ్చానన్నాను.

ఆమె చేతిలో దూది కిందపడింది. “చేరను వచ్చినావా? నేనింకా ప్రాణంతోనే ఉండానే తల్లీ! అంత అవసరమా నీకు?” అంది. కాంపౌండరు బయటికొచ్చి ఖాళీ లేదు, ఏమీ లేదు, పొమ్మన్నాడు. చూపించడానికి నా చేతిలో కాగితం కూడా లేదు, అది నీ దగ్గరుంది. ఏడేళ్లుగా ఆమెను అడగాలని దాచుకున్న మాటలు ఒక్కటీ అడగలేదు. “మాది తుంబలహళ్లి. మా అక్క పేరు మారమ్మ” అని మాత్రం అన్నాను. పెట్టె ఎత్తుకుని అదే బస్సులో వెనక్కి వచ్చేశాను. ఇక్కడ అందరూ ఏమైందని అడుగుతుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

డాక్టరమ్మను అడిగాను. ప్రెజెంట్లీ అంటే ఇప్పుడు కాదట మామా. ఇంకొన్నాళ్లకు, త్వరలో అని. డైరెక్ట్లీ అనే మాట పక్కన పిలవడం గురించి ఏమైనా రాసి ఉందేమో చూడు. ఉంటే, పిలిచిన వెంటనే వచ్చి చేరాలని అర్థం. నేరుగా అని కాదు.

పిల్లమ్మ


పాలకోడు,
4 జూలై 1946

పిల్లమ్మకు దీవెనలు.

చూశాను. పిలవడం గురించి రాసి ఉంది. చిన్న అక్షరాలు, నా కంటికి ఆనలేదు. తప్పు నాదే.

కానీ ఒక మాట అడగాలి. చేరేముందు గడప తొక్కవద్దన్నాను గానీ, చేరకపోయాక రావద్దన్నానా? ఆసుపత్రి నుంచి మన ఇల్లు ఎంత దూరం? నీకోసం అత్త గడ్డిలో మాగబెట్టిన మామిడిపండ్లు ఇరవైరెండు. ఇవాళో రేపో కోడలు వస్తుందని రోజూ వాకిలి అలికి ముగ్గు వేసింది. నువ్వు వచ్చి పోయావన్న కబురు మూడో రోజు సంతలో ఎవరో చెబితే తెలిసింది. “మన ఇంటికి రాను కూడా మనసు రాలేదా ఆ పిల్లకు?” అని మీ అత్త కళ్లు తుడుచుకుంది. పండ్లు ఆవులు తిన్నాయి.

ఇక నీ చిత్తం.

నాగరాజప్ప


సేలం,
10 జూలై 1946

మామకు, అత్తకు నా దండాలు. ఈ జాబు చదివేటప్పుడు అత్తను పక్కన కూర్చోబెట్టుకో.

అత్తా, నేను రాకపోవడం కోపంతో కాదు. మీ వాకిట్లో అడుగుపెడితే ఏడుస్తాను. నేనేడిస్తే మామ తనను తాను తిట్టుకుంటాడు. అది చూడలేక పారిపోయాను. మామిడిపండ్ల సంగతి తెలిసి ఉంటే పారిపోయేదాన్ని కాదు, ఒట్టు.

మామా, తప్పు నీది కాదు. ప్రెజెంట్లీ అర్థం విన్నాక కూడా తప్పు రాసినందుకు పోయిన వారం నా పుస్తకంలో డాక్టరమ్మ ఎర్రగా కొట్టేసింది. ఖాళీ ఇంకొన్నాళ్లకు వస్తుందన్నారంటే ఆశ పోలేదనే కదా. ఇక్కడ వార్డులో నన్ను ఇంకొన్నాళ్లు ఉండనిచ్చారు. మళ్ళీ కవరు వస్తే రాయి.

మీ ఇద్దరి
పిల్లమ్మ


పాలకోడు,
6 ఆగస్టు 1946

అమ్మణ్ణికి మామ దీవెనలు. నీ జాబు మీ అత్త మూడుసార్లు చదివించుకుంది. ఒట్టు దగ్గరికి రాగానే ప్రతిసారీ నవ్వింది.

ఇక్కడ వానలు పడ్డాయి. రాగి మొలక బాగుంది. ఎర్రావు దూడను వేసింది, నుదుటిమీద తెల్లచుక్క.

నీ ఉద్యోగం సంగతిలో ఈసారి నేను ఎంత జాగ్రత్తగా ఉన్నానో తెలిస్తే మెచ్చుకుంటావు. రెండో కవరు వచ్చి మూడు వారాలైంది. కంగారుపడి నీకు వెంటనే రాయలేదు. అన్నీ సిద్ధం చేసి రాద్దామనుకున్నాను. సర్టిఫికెట్లన్నీ పంపమన్నారు, పక్కనే ఎట్ వన్స్ అని ఉంది. వన్స్ అంటే ఒకసారి. నిఘంటువులో ఆ పేజీ చెదలు ముట్టకుండా ఉంది, రెండుసార్లు చూశాను. అంటే ఒకటొకటిగా పంపి విసిగించవద్దు, అన్నీ కలిపి ఒక్కసారిగా పంపమని. న్యాయమైన మాటే.

రెండు నా పెట్టెలో ఉన్నాయి. మూడోది నీ వయసు సర్టిఫికెట్టు, తుంబలహళ్లి కరణం రాసివ్వాలి. పోయిన ప్రతిసారీ “ఇదో, రాసిచ్చినాను” అంటాడు. నాలుగుసార్లు పోయాను. ఆయన ఇంకా కలం వెతుకుతూనే ఉన్నాడు. అది చేతికి రాగానే మూడూ కలిపి ఒక్కసారిగా పంపుతాను. నువ్వు దిగులు పెట్టుకోవద్దు.

తొందరపడని
మీ మామ


సేలం,
10 ఆగస్టు 1946

మామా!

ఎట్ వన్స్ అంటే ఒక్కసారిగా కాదు. ఆ క్షణమే, ఆలస్యం లేకుండా అని! మూడు వారాలు పోయాయి. మిగతా ఇద్దరూ ఈపాటికి పంపేసి ఉంటారు. ఉన్న రెండూ తీసుకుని ఈరోజే ధర్మపురి ఆఫీసుకు పో. ఇక నీ ఇంగ్లీషు వద్దు మామా, నీకు దండం పెడతాను. నీ నిఘంటువును ఎర్రావుకు పెట్టు.

ఈ ఉద్యోగం పోతే నేను ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? నీ మీద తెచ్చుకోలేను, అదే నా ఏడుపు.

పిల్లమ్మ


పాలకోడు,
20 ఆగస్టు 1946

అమ్మణ్ణికి,

నీ జాబు అందిన పొద్దునే నిఘంటువును పొయ్యిలో పెట్టాను. ఆవుకు పెడితే కడుపునొప్పి వస్తుంది. తర్వాత తుంబలహళ్లికి పోయి కరణం అరుగుమీద కూర్చున్నాను. “నువ్వు ఇదో, రాసిచ్చినావు కదా, నేనూ ఇదో, పోయినాను” అన్నాను, కదల్లేదు. మధ్యాహ్నానికి కలం దొరికింది. మరుసటి రోజు ధర్మపురి బస్సెక్కాను.

బస్సులో నా పక్కన ఎవరు కూర్చున్నారో తెలుసా? గోవిందమ్మాళ్. తన రిటైరుమెంటు కాగితాలకోసం ఆమె కూడా ఆ ఆఫీసుకే పోతూ ఉంది. నేను ముఖం తిప్పుకున్నాను. ఆమే పలకరించింది.

“నాగరాజప్పా, ఆ పిల్ల మారమ్మ చెల్లెలని నాకు తెలియదు. తెలిసినాక నిద్ర పట్టలేదు. ఆ పొద్దు మాదేశన్ వచ్చి పిలిచినప్పుడు నేను ఇంకొక ఇంట్లో ఉండాను. బిడ్డ తల కనబడతా ఉంది. ఆ తల్లిని ఇడిసిపెట్టి ఎట్ల వచ్చేది? రాలేనని చెప్తే ఆ మొగోడు ఆడనే కూలిపోతాడు. అందుకే వందుట్టేన్ అన్నాను. మనసు వాని వెంటనే బయలుదేరింది, ఒళ్లే రాలేదు. ముప్పై ఊళ్లకు ఒక్కతిని. ఇంకొక మనిషిని ఇయ్యండని ఎన్ని అర్జీలు పెట్టినానో నీకేం తెలుసు.”

ఏడేళ్లు మనం ఆమెను తిట్టుకున్నాం. ఆ ఏడేళ్లూ ఆమె కూడా తనను తిట్టుకుంటూనే ఉందని ఆ ముఖం చూస్తే తెలిసింది. నువ్వు ఆమెమీద కోపం మానుకుంటావో లేదో నీ ఇష్టం. నేను మానుకున్నాను.

ఆఫీసులో గుమాస్తాకు మూడు కాగితాలూ ఇచ్చి అడిగాను. “సామీ, ఎట్ వన్స్ అంటే ఎన్ని దినాలు?” ఆయన నవ్వాడు. “మీకయితే ఆ పొద్దే పెద్దాయనా. మాకయితే పెద్ద ఆఫీసరు టూరు నుంచి వచ్చినప్పుడు.” మిగతా ఇద్దరి కవర్లు విప్పకుండా బల్లమీదే ఉన్నాయి. నీ కాగితాలు వాటిమీద పెట్టాడు. నా ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు గోవిందమ్మాళ్ ఎవరూ అడక్కుండానే ఆయనతో అంది. “పిలవకముందే పెట్టె ఎత్తుకొని వచ్చిన పిల్ల ఒకతి ఉంది. పిలిచినా పోలేని కష్టం ఎట్లుంటుందో నాకు తెలుసు. ఆ పిల్లనే పెట్టమని మీ పెద్దాయనకు నా మాటగా చెప్పండి.” గుమాస్తా రాసుకున్నాడు. ఆ రాతకు ఎంత బలం ఉందో నాకు తెలియదు. కానీ నా చెదలు తిన్న ఇంగ్లీషే నిన్ను ఆరోజు ఆమె ముందు నిలబెట్టింది. కాబట్టి కొంచెం మెచ్చుకో.

పని జరిగితే మన అమ్మాయి ఊరు తీర్థమలై పోయి గుడి తీర్థంలో స్నానం చేస్తానని మొక్కుకున్నాను.

మీ మామ


పాలకోడు,
14 అక్టోబరు 1946

అమ్మణ్ణికి,

మూడో కవరు వచ్చింది. విప్పలేదు. ఎండకు పట్టి కూడా చూడలేదు. మీ అత్త మీద ఒట్టు. ఉన్నది ఉన్నట్టు రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. అందులో ఏ మాట ఉన్నా దాని అర్థం నువ్వే చెప్పు.

మీ మామ


పాలకోడు,
22 నవంబరు 1946

తీర్థమలైలో కూతురి ఇంట ఉన్న మామకు, నీ ఇంట్లోనే కూర్చుని నీ ఆవుల మధ్య నుంచి పిల్లమ్మ రాస్తున్నది. నన్ను ఉద్యోగంలో చేర్పించి మొక్కు తీర్చడానికి పోయినవాడివి, నెలైనా రాకపోతే ఎట్లా? ఎర్రావు దూడ నీకోసం ఇల్లంతా వెతుకుతోంది. అత్త మాత్రం నీ పోరు లేదని హాయిగా ఉంది, నేను చెప్పానని అనకు.

మూడో కవరులో వచ్చిన ఆర్డరులో ఉన్న మాట ఇమ్మీడియట్లీ అని చెప్పాను కదా. దానికి అర్థం అడిగితే డాక్టరమ్మ గడియారం వైపు కూడా చూడకుండా “ఈ రోజు” అంది. నేనొచ్చి చేరినరోజు గోవిందమ్మాళ్ తన సంచి నా చేతికిచ్చింది. కత్తెర, దారం, చిన్న దీపం, అన్నీ తుడిచి పెట్టింది. ఆమె పాదాలకు దండం పెట్టాను. ఇప్పటికీ రోజూ సాయంత్రం వచ్చి బెంచీమీద కూర్చుని దూది చుట్టి పెడుతుంది.

నిన్న జరిగింది చెప్పడానికే ఈ జాబు. నిన్న పొద్దున్నే ఆసుపత్రి వాకిట్లో మాదేశన్ బావ నిలబడి ఉన్నాడు. అక్క పోయాక పళనియమ్మాళ్‌ను కట్టుకున్నాడు కదా. ఆమె ముఖం కూడా నేను సరిగా చూడలేదు, చూడాలనిపించలేదు. ఆమెకు నొప్పులు మొదలయ్యాయి.

“పిల్లమ్మా, వస్తావా?” అన్నాడు. అంతే. నేను నోరు తెరిచాను. ఇదో, వచ్చినాను అనే మాట నాలుక చివరికి వచ్చేసింది. బావ ముఖం చూసి మింగేశాను. ఆ మాట విన్నాక అతను ఏమవుతాడో తెలుసు. నిన్న కూడా తిరిగి పోవడానికి భయపడి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. నన్ను వదిలి ముందు పోతే నేను రానేమో అనుకున్నాడు. సంచి తీసుకుని అతనికంటే ముందు దారిలోకి దిగాను. వెనక అతని అడుగులు వినిపించడానికి కొంచెం సేపు పట్టింది.

ముందు శుభం చెబుతాను, నీకు ఓపిక ఉండదు. ఆడబిడ్డ. తల్లీబిడ్డా ఇద్దరూ చల్లగా ఉన్నారు. పుట్టగానే ఎంత గట్టిగా ఏడ్చిందంటే, నీ దొర పేరు పిలిచినట్టే ఉంది, అది “ప్రెజెంట్ సార్” అన్నట్టే ఉంది. బావ బయట కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. కబురు విని వచ్చిన అమ్మ అతని తలమీద చేయి వేసి, ఏడవకు నాయనా అంది. అక్క పోయాక అతనితో అమ్మ మాట్లాడడం అదే మొదటిసారి. బిడ్డకు మారమ్మ అని పెడతామని పళనియమ్మాళే అడిగింది. నేను సరేనన్నాను.

అంతకు ముందు సంగతి ఒకటుంది, నీకే చెప్పాలి. మేము పోయేసరికి వాకిట్లో ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. వచ్చిందా, వచ్చిందా అని లోపలినుంచి ఆమె అడుగుతూ ఉంది. వాకిట్లో నేను పలకలేదు. గడప దాటాను. లోపల చీకటిలో ఆమె చేయి చాపి ఉంది. ఆ చేయి నా చేతిలోకి తీసుకున్నాక, అప్పుడు చెప్పాను మామా.

“ఇదో, వచ్చినాను.”

నీ
పిల్లమ్మ